చదివే వేలు

ప్రెస్సు, దిద్దుబాటు గది
వానలు వెలిసిన వారం

ఒసే జిడ్డూ,

నీ ఉత్తరం అందింది. చదవడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. నవ్వకు. హాస్టల్లో మీరంతా నన్ను ఊరికే రైలు అనలేదు కదా, పేజీ మీద చెయ్యి పెట్టానంటే ఆగకుండా పోతుందని. ఆ రైలే ఇప్పుడు వరసవరసకీ ఆగుతోంది.

సంగతేమిటంటే, నా కుడి చూపుడువేలు మొరాయిస్తోంది. కొస మీద చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. చుక్కల మీద పెడితే మధ్యలో ఎవరో పల్చటి గుడ్డ పరిచినట్టుంది. పుట్టినప్పటి నుంచీ మనిద్దరికీ కళ్ళు చేయని పనంతా వేళ్ళే చేస్తున్నాయి. నీకు పది వేళ్ళూ కావాలి, జనాల నడుములకి మర్దన చేసి బతుకుతున్నావు కాబట్టి. నాకు ఒక్కటి చాలు. ఆ ఒక్కటీ ఇలా చేస్తే ఏం చెప్పను?

ఇక్కడి పని నీకు తెలుసుగా. బ్రెయిలీలో అచ్చయిన ప్రతి పేజీ నేను వేలితో చదువుకుంటూ పోవాలి, తప్పు దొరికితే గుర్తు పెట్టాలి. పోయిన వారం పిల్లల లెక్కల పుస్తకంలో తప్పులు నా వేలి కింద నుంచే జారిపోయాయి. పట్టుకున్నది పక్క బల్ల ఆవిడ. మేనేజరు కేకలేయలేదు. "వచ్చే నెలాఖరున అందరికీ ఒకసారి చదివే పరీక్ష పెడదాం" అన్నాడు. అందరికీ అంటే నాకే అని గదిలో కుర్చీలకి కూడా అర్థమైంది. అందులో పోతే నన్ను కాగితాలు దొంతర్లు పెట్టే గదికి పంపుతారు. అక్కడ చదవడానికి ఏమీ ఉండదు, సర్దడమే.

ఉద్యోగం ఒక ఎత్తు. చదవడమే పోతే నాకు మిగిలేది ఏమిటి? వదిన రేడియో పెడుతుంది, అది వింటూ కూర్చోవాలి. వదిన మంచిదే. రేడియోతోనే పేచీ.

నీ చేతులు ఎప్పుడూ మెత్తగా ఉంటాయి కదా, ఏం చేస్తావో రాయి. ఫోన్ మాత్రం చేయకు. మా ఫోన్ హాల్లో ఉంటుంది, నువ్వు మాట్లాడితే వీధి చివరికి వినపడుతుంది.

మీ చీటీలాయన కథ కూడా రాయి. పోయిన ఉత్తరంలో మంచి రసపట్టులో ఆపేశావు.

రైలు


క్లినిక్కు, మూడో మంచం పక్కన
మధ్యాహ్నం, ఎవరూ లేని వేళ

ఏమే రైలూ,

రెండు రోజులు పట్టిందా? నేను అంత బాగా రాశానా అని ఒక్క క్షణం పొంగిపోయాను.

సరే, సరదా పక్కన పెట్టు. నేను అడిగినవాటికి దాచకుండా జవాబు రాయి. చేతులు వేడినీళ్ళతో కడుగుతున్నావా? నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు, అంతకు మించితే చర్మంలో ఉన్న కాస్త చమురూ ఊడ్చుకుపోతుంది. ఏ సబ్బు? ఘుమఘుమలాడేదైతే ఎవరికైనా ఇచ్చేయ్. గిన్నెలు ఎవరు తోముతున్నారు? వదినే అని చెప్పకు, నువ్వు ఊరుకునే రకం కాదు. కడిగాక చేతులు మెత్తగా అద్దుకుంటావా, బరబరా తుడిచేస్తావా? నిద్ర పడుతోందా? గోళ్ళు కొరకడం మానేశావా, లేక మేనేజరు పుణ్యమా అని మళ్ళీ మొదలెట్టావా?

నా చేతుల రహస్యం అడిగావు. రహస్యమూ లేదు, మన్నూ లేదు. మనిషికీ మనిషికీ మధ్య కడుక్కోవాలి కాబట్టి మొదట్లో నావీ పగిలేవి. ఇప్పుడు కడిగిన వెంటనే, ఇంకా కాస్త తడి ఉండగానే, వాసన లేని జెల్లీ రాస్తాను. పడుకునే ముందు మళ్ళీ రాసి నూలు తొడుగులు వేసుకుంటాను. అంతే. మంచం మీద పడుకున్న ప్రతి మనిషికీ ఈ పాఠం చెబుతాను. నిన్న ఒకాయన, "అమ్మా, నేను నడుము నొప్పికి వచ్చాను, నా చర్మాన్ని వదిలెయ్యండి" అన్నాడు. వదలలేదు.

ఇక చీటీలాయన. ముందు గదిలో పేర్లు పిలిచి చీటీలు రాసే ఆయనే. మొన్న సాయంత్రం గదికి తాళం వేస్తూ, "మనిద్దరం ఒక ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి" అన్నాడు. రేపు మబ్బు పడుతుందేమో అన్నట్టు అన్నాడు. నాకేమో నోటికొచ్చింది, "గిన్నెలు ఎవరు తోముతారు?" అన్నాను. "నేనే" అన్నాడు. జరిగింది ఇంతే. జవాబు చెప్పలేదు.

మంచివాడే, కాదనను. కాస్త పెత్తనం ఎక్కువ. నేను బయటికి అడుగు పెడితే చాలు, వెనక నుంచి "గొడుగు" అంటాడు. ఎండకి కరిగిపోవడానికి నేనేమన్నా వెన్నముద్దనా?

ఈ సంగతి నీ కడుపులోనే ఉంచుకో. మీ వదినకి తెలిస్తే రేపే వంటవాళ్ళని మాట్లాడుతుంది.

జిడ్డు


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
చలి మొదలైంది

జిడ్డూ,

నీ ప్రశ్నలకి జవాబులు. వేడినీళ్ళే, అలవాటు. సబ్బు వదినది, పూలతోట మొత్తం అందులోనే ఉంటుంది. గిన్నెలు నేనే తోముతున్నాను, నీకెలా తెలిసిందో. గోళ్ళు కొరకడం లేదు, ఒట్టు. నిద్ర రావడం లేదు.

కానీ అవన్నీ చిన్న విషయాలు. అసలు జాగ్రత్త నేను తీసుకుంటూనే ఉన్నాను. హాస్టల్లో వేగంగా చదివే పోటీకి ముందు వేలికి పదును పెట్టుకునేవాళ్ళం గుర్తుందా? మడమలు రుద్దుకునే రాయితో. పై క్లాసు అక్కలు చెప్పారు కదా, చర్మం పల్చనైతే చుక్క బాగా తెలుస్తుందని. మీరంతా మానేశారేమో గానీ నేను మానలేదు. ఇన్నాళ్ళూ వారానికోసారి రుద్దేదాన్ని. ఈమధ్య వేలు మొద్దుబారింది కాబట్టి పొద్దునా సాయంత్రం రుద్దుతున్నాను. ప్రెస్సు గేటు దగ్గర స్పిరిట్ సీసా పెట్టారు. బల్ల దగ్గర కూర్చునే ముందు దానితో తుడుచుకుంటాను. మండుతుంది, మండితే పని చేస్తున్నట్టే కదా.

అయినా లాభం లేకుండా ఉంది. నిన్న కొస మీద చీలింది. ఒక పేజీకి కాస్త రక్తం అంటిందట, పక్క బల్ల ఆవిడ చెప్పి తుడిచింది. మేనేజరుకి చెప్పలేదు, పాపం. రేపటి నుంచి రాయి ఇంకాస్త గట్టిగా వాడాలి.

నీ చీటీలాయన గురించి. గిన్నెలు తోముతానన్న మనిషిని ఆలోచించడానికి ఇంత సేపా? నేనైతే మా ఇంటి గిన్నెలు కూడా పంపేదాన్ని.

రైలు


క్లినిక్కు
నీ ఉత్తరం అందిన పూటే

రైలూ,

నీకసలు బుద్ధుందా?

ఆ రాయి తీసి బయట పారేయ్. ఇప్పుడే. ఈ కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళి పారేసి, వచ్చి మిగతాది చదువు.

పారేశావా? ఇప్పుడు విను. నువ్వు రుద్దుతుంటే చర్మం ఊరుకోదు. తనని తాను కాపాడుకోవడానికి లోపల నుంచి మందంగా పెరుగుతుంది. మందమైంది కాబట్టి చుక్క తెలియదు. తెలియలేదని నువ్వు మళ్ళీ రుద్దుతావు. పైన స్పిరిట్. కాస్త కోలుకుందామని చూస్తుంటే వేడినీళ్ళు, సబ్బు. నువ్వు వేలికి చేస్తున్న సేవ పగవాడికి కూడా చేయరు. మంట పుడితే పని చేస్తున్నట్టా? ఎవరే నీకు చెప్పింది?

ఆ అక్కలకి అప్పుడు పద్నాలుగేళ్ళు. వాళ్ళ మాట పట్టుకుని ఇంత వయసొచ్చాక కూడా రాయితో కూర్చున్నావు! నేనూ రుద్దాను, పోటీ అయిపోగానే రాయి ఎక్కడ పెట్టానో కూడా మరిచిపోయాను. అందరం అంతే. నువ్వొక్కదానివే దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగావు.

రేపు పొద్దున్నే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళు. వదినని తోడు తీసుకెళ్ళు. రాయి సంగతి దాచకుండా చెప్పు.

కోపంగా రాశాను. నిజానికి కోపం కాదు, భయం. నువ్వు చదవలేకపోతే నేనెవరికి రాయను? రోజంతా అందరితో వాగుతాను, అందులో ఒక్క ముక్క కూడా నా సంగతి ఉండదు. అది నీకు తెలుసు.

జిడ్డు


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
చలి ముదిరింది

జిడ్డూ,

ఇది బ్రెయిలీ మిషన్ మీద కొట్టాను గానీ తడిమి సరిచూసుకోలేదు. తప్పులుంటే నువ్వే దిద్దుకో, ఇవాళ్టికి నా ఉద్యోగం నీది.

డాక్టరు చిన్న అమ్మాయి. రాయి సంగతి చెబితే నవ్వలేదు. రోజుకి ఎన్నిసార్లు రుద్దానో లెక్క అడిగింది, అది నవ్వడం కంటే ఘోరంగా ఉంది. తర్వాత అచ్చం నీలాగే పాఠం చెప్పింది. నీ దగ్గర నేర్చుకుందేమో అడగాల్సింది. పూత మందు ఇచ్చింది. రాయి వద్దు, స్పిరిట్ వద్దు, గిన్నెలు వద్దు. ఆ వేలితో చదవడం అసలు వద్దు.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"చీలిక మూసుకుని కొత్త చర్మం గట్టిపడేదాకా. మధ్యలో మొదలుపెడితే స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు."

"ఈలోపు నాకు పరీక్ష ఉందండీ."

"నాకూ చాలా ఉండేవి" అంది.

మేనేజరు పరీక్ష వాయిదా వేయనన్నాడు. ఎడమచేత్తో చదువుతానన్నాను. సరేనన్నాడు, నాకే నమ్మకం లేదు. ఎడమచేతికి నేను ఒకటో క్లాసు పిల్లని. నిన్న ఒక వరస పట్టుకుని గుంజుకుంటూ పోయి, చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, వదిన ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి కలిసిపోయింది.

ఇక నీ ఉత్తరాలు. బ్రెయిలీలో వస్తే కుడిచెయ్యి ఆగదు, నన్ను నేను నమ్మలేను. అందుకని ఎవరిచేతైనా మామూలు పెన్ను రాతలో రాయించు. వదిన చదివి పెడుతుంది. జాగ్రత్తగా రాయించు సుమా. వదిన గొంతెత్తి చదువుతుంది, అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకుని మరీ వింటాడు.

రైలు


క్లినిక్కు

స్నేహితురాలికి,

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నీవూ, మీ అన్నయ్యగారూ, వదినగారూ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం మా క్లినిక్కులో చీటీలు రాసే గుమాస్తాగారి చేత రాయిస్తున్నాను. మా దగ్గర పెన్ను పట్టుకునే తీరిక ఉన్నది ఆయనొక్కరికే. ఆయన చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. నాకు తెలియదు.

నీవు వేలికి విశ్రాంతి ఇస్తున్నందుకు సంతోషం. మందు వేళకి రాసుకో. నీళ్ళు బాగా తాగు. చలికాలం కాబట్టి చేతులు కడిగిన ప్రతిసారీ జెల్లీ రాయడం మరువకు. వదినగారికి నా తరఫున ఒక మనవి, ఆ పూలతోట సబ్బు దయచేసి దాచేయండి.

నీవు అడిగిన ఆ విషయం ఇంకా ఆలోచనలో ఉంది. ఆ విషయం అంటే, మా క్లినిక్కుకి కొత్త మంచం కొనే విషయం. మంచం మంచిదే అంటున్నారు. కాళ్ళు గట్టిగా ఉన్నాయట. కిర్రుమని చప్పుడు కూడా చేయదట. కానీ కొనే ముందు చోటు చూసుకోవాలి కదా. అందుకని ఆలోచిస్తున్నాను.

దీనితోపాటు చుక్కల్లో కొట్టిన కాగితం ఒకటి మడిచి పెట్టాను. అది వేలు నయమయ్యాకే చదువు. తొందరేమీ లేదు. వదినగారు ఏమీ అనుకోవద్దు, చిన్ననాటి కబుర్లు.

ఇట్లు,
నీ స్నేహితురాలు

రాసినవాడి మనవి: ఆవిడ వేడినీళ్ళ సంచి కోసం లోపలికి వెళ్ళారు. ఆవిడకి చెప్పకుండా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను, క్షమించాలి. ఆవిడకి మెడ మీద ఎడమపక్క, చెవి కింద తెల్లమచ్చలు ఉన్నాయి. నేను ఇక్కడ చేరిన రోజు నుంచీ చూస్తున్నాను. వాటితో నొప్పి ఉండదు, ఎవరికీ అంటవు. కానీ ఆ చోట చర్మం ఎండకి ఆగదు, తొందరగా కాలుతుంది. మొన్న బజారుకి వెళ్ళొచ్చేసరికి ఎర్రగా కందిపోయింది. గొడుగు అంటే నన్ను కసురుతున్నారు. మీరు చెబితే వింటారు. మచ్చల మాట మాత్రం ఎత్తకండి. ఆవిడకి తెలుసో లేదో నాకు తెలియదు. తెలియకపోతే, ఉత్తరంలో తెలియడం బాగుండదు. ఇంకొక సంగతి. ఆ మంచానికి పెద్ద చోటేమీ అక్కర్లేదు.


ప్రెస్సు, దిద్దుబాటు గది
చలి తగ్గింది

ఒసే జిడ్డూ,

పైన గది పేరు చూశావుగా. ఇంకా ఇక్కడే ఉన్నాను.

పరీక్షలో అందరూ పది పేజీలు చదివిన సమయంలో నేను నాలుగు చదివాను. ఆ నాలుగింటిలో ఒక్క తప్పూ వదల్లేదు. మేనేజరు కాసేపు గొణిగి, లెక్కల పుస్తకం పక్క బల్ల ఆవిడకి ఇచ్చేశాడు. నాకు ఒకటో క్లాసు వాచకం ఇచ్చాడు. పెద్ద పెద్ద ఎడంతో నాలుగే వరసలుంటాయి పేజీకి. నా వేగానికి సరిపోయింది. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూస్తాడట. కుడివేలు మూసుకుంది. కొత్త చర్మం మీద చుక్కలు ఇంకా పూర్తిగా తెలియడం లేదు. వస్తుందా అంటే, డాక్టరు "తొందరపెట్టకండి" అంటుంది తప్ప వస్తుందని అనదు. ముందులా ఇంకెప్పుడూ చదవలేనేమో. ఆ మాట వదినకి చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

ఇప్పుడు నీ సంగతి. నీ చుక్కల కాగితం మడత విప్పగానే కుడిచెయ్యి దానంతటదే వెళ్ళింది. ఎడమచేత్తో దాని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను. వేలు నయమయ్యేదాకా ఆగమన్నావు, ఎవరాగుతారు? పరీక్షకి సాధన కోసం అని నాకు నేను సర్దిచెప్పుకుని, ఎడమచేత్తో రోజుకి రెండు మూడు వరసలు చదువుకుంటూ వచ్చాను. నేను ఎడమచెయ్యి నేర్చుకున్నది నీ ఉత్తరం మీదే.

ఆయన అద్దె ఇల్లు మారుతున్నాడని, కొత్త ఇల్లు ఒక్కరికి చూడనా ఇద్దరికి చూడనా అని నిన్ను అడిగాడని రాశావు. తర్వాత, "కాదని చెప్పేస్తాను, నాకు ఇలాంటివాటికి తీరిక లేదు" అని రాశావు. ఆ రెండింటికీ మధ్య ఒక వరస ఖాళీ.

కుడిచెయ్యి అయితే దాన్ని దాటుకుని పోయేది. రైలు ఖాళీ స్టేషన్లో ఆగదు కదా. ఎడమచేతికి దారి తెలియదు, ఖాళీలోనూ తడుముకుంటూ పోయింది. అక్కడ కాగితం గరుగ్గా తగిలింది. చుక్కల్ని గోటితో అణిచేశావు. కానీ నువ్వు మర్దన చేసే మనిషివి, చెరపడం నీ పని కాదు. సగం సగం మిగిలిపోయాయి. నాలుగు సాయంత్రాలు కూర్చుని పట్టుకున్నాను. "నా మెడ మీద మచ్చలున్నాయని ఒకావిడ అంది. ఆయన రోజూ చూస్తూనే ఉంటాడు, ఒక్కసారీ అనలేదు. జాలితో అడిగాడేమో."

ఇంతకాలం ఊరందరి చర్మాలకీ పాఠాలు చెబుతూ, నీ మెడ సంగతి నాకు కూడా చెప్పలేదు కదే. నాకు కోపం వచ్చింది, తర్వాత బాధేసింది, ఇప్పుడు రెండూ ఉన్నాయి.

నేనొకరి మాట మీరబోతున్నాను. నువ్వు వేడినీళ్ళ సంచి కోసం వెళ్ళినప్పుడు మీ చీటీలాయన నీ ఉత్తరం కింద ఏదో రాశాడు. నువ్వు మంచాల గురించి చెప్పుకుంటూ ఉంటే పాపం ఆయన బుద్ధిగా రాసుకుంటూ పోయాడు, ఆ మంచం ఎవరో తెలిసే. ఆ మచ్చలు తను పనిలో చేరిన రోజు నుంచీ చూస్తున్నాడట. అక్కడ ఎండకి కాలుతుందట. మొన్న ఎర్రగా కందిందట. నువ్వు గొడుగు పట్టుకునేలా చూడమని నన్ను బతిమాలాడు. నీకు తెలియకపోతే ఉత్తరంలో తెలియడం బాగుండదని, మచ్చల మాట ఎత్తొద్దన్నాడు. వదిన అంతా గొంతెత్తి చదివింది గానీ, ఆ వరసలు మాత్రం నా చెవి దగ్గరికొచ్చి చదివింది.

జాలిపడేవాడు మంచి మాటలు చెబుతాడే. గొడుగు కోసం రోజూ తిట్లు తినడు.

అవునంటావో కాదంటావో నీ ఇష్టం. కాదనాలంటే అను. తీరిక లేదని మాత్రం అనకు.

గొడుగు తీసుకెళ్ళు.

రైలు


క్లినిక్కు, ముందు గది
ఎండ బాగా ఉంది

ఏమే రైలూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. నాలుగుసార్లు మిషన్‌కి కాగితం ఎక్కించి తీసేశాను.

బజారుకి బయల్దేరాను. వెనక నుంచి "గొడుగు" అన్నాడు. "ఏది, ఇవ్వండి" అన్నాను. ఆయన ఎంత కంగారు పడ్డాడంటే గొడుగు ఎక్కడ పెట్టాడో వెతుక్కోవలసి వచ్చింది. దారిలో అడిగేశాను, నా మెడ మీద మచ్చలు చూశారా అని.

"చూశాను. మీకు తెలుసా?"

"తెలుసు."

హమ్మయ్య అని ఇంత పెద్ద ఊపిరి వదిలాడు. "అయితే ఇక చెవి వెనక కూడా రాసుకోమని చెప్పొచ్చు. ముఖానికి రాసుకునే ఎండ పూత మీరు అక్కడిదాకా రాయడం లేదు" అన్నాడు. రైలూ, ఆ మాటకి నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాను. ఆయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

నేను సరేనన్నాక కొత్త ఇంటివాళ్ళకి ఇద్దరని చెప్పేశాడు. వదినకి చెప్పుకో, వంటవాళ్ళని మాట్లాడుకోమను.

నీ వేలికి స్పర్శ రాకపోతే రాకపోయింది. నువ్వు వరసకి ఎంతసేపు తీసుకున్నా నేను రాస్తూనే ఉంటాను. ఒక్కటే కష్టం, ఇక నీకు అబద్ధం రాయడం కుదరదు.

కింద ఒక వరస ఖాళీగా వదిలాను. ఎడమచేత్తో మెల్లగా తడిమి చూసుకో. అక్కడ ఏమీ లేదు.

జిడ్డు